జాయ్‌స్టిక్ కష్టాలు: ఒక డ్రైవర్ పురాణం

కీబోర్డు తగిలిస్తే పనిచేస్తుంది. మౌసు తగిలిస్తే పనిచేస్తుంది. గేమ్ కంట్రోలర్ తగిలిస్తే మాత్రం కంట్రోల్ ప్యానెల్లో మీటలన్నీ చక్కగా వెలుగుతాయి, గేములోకి వెళ్తే ఉలుకూ పలుకూ ఉండదు. లేదంటే బండి దానంతటదే ఎడమవైపుకి పోతూ ఉంటుంది. రీస్టార్ట్ చెయ్, డ్రైవర్ తీసేసి మళ్ళీ వెయ్, ఇంకో పోర్టులో పెట్టు అంటూ సలహాలిచ్చేవాళ్ళకి కొదవుండదు. ఈ తంటాకి నలభయ్యేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. మన వృత్తిలో ఉన్నవాళ్ళు ఓసారి తెలుసుకోదగ్గ చరిత్రే.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి గేమ్ కంట్రోల్ అడాప్టర్ అని ఒక కార్డు కూడా అమ్మారు. పదిహేను పిన్నుల సాకెట్టు, నాలుగు అక్షాలు, నాలుగు మీటలు. అంటే రెండు జాయ్‌స్టిక్కులకి సరిపడా. జాయ్‌స్టిక్కు లోపలుండేది పాత రేడియోలో వాల్యూం బిరడా వెనకుండే సరుకే, పొటెన్షియోమీటరు. కర్ర కదిలితే నిరోధం సున్నా నుంచి లక్ష ఓముల దాకా మారుతుంది. దాన్ని అంకెగా మార్చాలంటే అనలాగ్‌ని డిజిటల్ చేసే చిప్పు కావాలి. ఐబీఎం ఆ ఖర్చు పెట్టలేదు. నాలుగు టైమర్లున్న 558 అనే చిప్పు పెట్టి, కొలిచే పని ప్రోగ్రాము నెత్తిన వేసింది. (1977 నాటి ఆపిల్ 2లోనూ ఇదే కిటుకు ఉంది కాబట్టి పాపమంతా ఐబీఎందే అనలేం.)

ఆ కొలవడం ఎలాగంటే, హెక్స్ 201 అనే పోర్టుకి ఏదో ఒకటి రాస్తే నాలుగు అక్షాల బిట్లూ ఒకటి అవుతాయి. జాయ్‌స్టిక్కు నిరోధం గుండా కెపాసిటర్ నిండుతుంది. నిండగానే ఆ బిట్టు సున్నా అవుతుంది. ఈలోగా ప్రోగ్రాము ఒక లూపులో కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఉండాలి. ఐబీఎం ఇచ్చిన సూత్రం ప్రకారం 24.2 మైక్రోసెకన్లు, ఆపైన ఓముకి 0.011 మైక్రోసెకను చొప్పున. కర్ర ఆ చివరికి ఉంటే రమారమి 1.1 మిల్లీసెకను. బిజీ వెయిట్ ఎందుకు చెడ్డదో చెప్పమని ఇంటర్వ్యూల్లో అడిగేవాళ్ళకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కణ్ణించే కష్టాలన్నీ మొదలయ్యాయి. 4.77 మెగాహెర్ట్జ్ మెషీన్లో మధ్యలో ఉన్న కర్రకి వచ్చే లెక్క ఒకటైతే, 386లో వచ్చేది దానికి ఎన్నో రెట్లు. కర్ర మారలేదు, కార్డు మారలేదు, లెక్కపెట్టేవాడి వేగం మారిందంతే. అందుకే డాస్ కాలపు గేముల్లో "కర్రని పై ఎడమ మూలకి నెట్టి మీట నొక్కండి, ఇప్పుడు కింది కుడి మూలకి నెట్టి నొక్కండి" అనే తంతు ఉండేది. మెషీన్ వేగానికి తగ్గట్టు సర్దుకోడానికి బిరడా ఉన్న గేమ్ కార్డులు కూడా విడిగా అమ్మేవారు.

లెక్క మధ్యలో ఇంటరప్ట్ వచ్చిందా, అంకె ఎగిరి పడుతుంది, తెర మీద విమానం ఉలిక్కిపడుతుంది. సరే అని ఇంటరప్టులు ఆపేస్తే? 9600 బాడ్ మోడెం మీద మిల్లీసెకనుకి దాదాపు ఒక బైటు వస్తుంది. బఫరు లేని పాత సీరియల్ పోర్టులో ఆ బైటు పోతుంది. అంటే ఫోను లైను మీద ఎవరితోనైనా ఆడుతుంటే, మీ జాయ్‌స్టిక్కు సజావుగా ఉండాలంటే మీ మోడెం ఏడవాలి! పైగా ఒక అక్షానికి ఏమీ తగిలించకపోతే ఆ బిట్టు ఎప్పటికీ సున్నా అవదు. టైమౌట్ పెట్టడం మర్చిపోయిన ప్రోగ్రాము అక్కడే ధ్యానంలోకి వెళ్ళిపోతుంది :)

1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు మీదే గేమ్ పోర్టు కూడా ఉండటంతో సామాన్యుడికి జాయ్‌స్టిక్కు అందుబాటులోకి వచ్చింది. అప్పటికే మెషీన్లో విడిగా గేమ్ కార్డుంటే మాత్రం రెండూ అదే 201 దగ్గర బదులు పలుకుతాయి. డబ్బా విప్పి జంపరు పీకి, ఒకదాని నోరు మూయించాలి. మీటలు నాలుగే కాబట్టి కంపెనీలు తలా ఒక దారి పట్టాయి. సీహెచ్ వాళ్ళు మీటల కాంబినేషన్లని హ్యాట్ స్విచ్ దిశలుగా వాడుకున్నారు. థ్రస్ట్‌మాస్టర్ వాళ్ళు ఖాళీగా ఉన్న నాలుగో అక్షాన్ని అందుకు వాడేశారు. ఏ కంపెనీ కర్రో అడగందే గేము దాన్ని సరిగ్గా చదవలేని పరిస్థితి.

1995లో మైక్రోసాఫ్ట్ అదే గేమ్ పోర్టు మీద సైడ్‌వైండర్ 3డీ ప్రో తెచ్చింది. అనలాగ్ గొడవ లేకుండా, మీటల తీగల మీదే డిజిటల్ బిట్లు పంపే పద్ధతి దాంట్లో ఉంది. తెలివైన పనే, కానీ టైమింగ్ మీద ఆధారపడ్డ పని కాబట్టి ఒక సౌండ్ కార్డు మీద ఆడేది ఇంకోదాని మీద మొరాయించేది. లినక్సులో ఇలాంటి జాయ్‌స్టిక్కు డ్రైవర్లు చాలామటుకు రాసింది వోయ్‌తెక్ పావ్లిక్ అనే చెక్ దేశస్థుడు. ఆ సోర్సు కోడ్ చదివితే ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా ఎంత వింత చేసిందో అర్థమవుతుంది.

1996 జనవరిలో యూఎస్‌బీ వచ్చింది. హిడ్ అనే క్లాసు ప్రకారం పరికరమే "నాకు ఇన్ని అక్షాలు, ఇన్ని మీటలు" అని ఒక డిస్క్రిప్టర్‌లో చెప్పుకుంటుంది. కొలతల గొడవ తీరింది. అయితే "ఒకటో నంబరు మీట" అంటే ఏది? కింద ఉన్నదా, పైన ఉన్నదా? డిస్క్రిప్టర్ ఆ సంగతి చెప్పదు. సింటాక్స్ కుదిరింది, సెమాంటిక్స్ కుదరలేదన్నమాట. ప్రతి గేములోనూ మీటలన్నీ మళ్ళీ కేటాయించుకోవాల్సిందే.

2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360తో మైక్రోసాఫ్ట్ దీనికి తన పద్ధతిలో ముగింపు పలికింది. ఎక్స్‌ఇన్‌పుట్ అనే కొత్త ఏపీఐలో ఫలానా మీట ఏ, ఫలానాది బీ, ఇంతే. ఆటగాడికి హాయి, గేము రాసేవాడికి ఇంకా హాయి. సాంకేతికంగా సరైన నిర్ణయమనే నేనూ అంటాను. కానీ ఆ కంట్రోలర్ యూఎస్‌బీ ప్లగ్గుతో వచ్చినా హిడ్ పరికరం కాదు, సొంత ప్రోటోకాల్. పాత డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో దాని రెండు ట్రిగ్గర్లూ ఒకే అక్షం మీద కలిసిపోతాయి, రెండూ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొత్త గేములు క్రమంగా ఎక్స్‌ఇన్‌పుట్ మాత్రమే వినడం మొదలుపెట్టాయి. దాంతో అప్పటిదాకా బ్రహ్మాండంగా ఉన్న హిడ్ గేమ్‌ప్యాడ్లు ఒక్కసారిగా మూగవైపోయాయి. మొదట్లో చెప్పిన "కంట్రోల్ ప్యానెల్లో వెలుగుతుంది, గేములో పలకదు" అనే జబ్బుకి చాలాసార్లు మూలం ఇదే.

మన దగ్గర దెబ్బ తగిలింది కూడా ఇక్కడే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొనుక్కునే చవక యూఎస్‌బీ ప్యాడ్లలో ఎక్కువ హిడ్ రకానివే. హాస్టళ్ళలో మా తరానికి దిక్కు ఎక్స్360సీఈ. ఎక్స్‌ఇన్‌పుట్ డీఎల్ఎల్ పేరుతోనే ఒక నకిలీ డీఎల్ఎల్‌ని గేము ఫోల్డర్లో పెడితే, గేము దాన్నే అసలుదనుకుని లోడ్ చేసుకుంటుంది. అది చవక ప్యాడ్‌ని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌గా వేషం వేయించి ప్రవేశపెడుతుంది. 32 బిట్ల గేములో 64 బిట్ల డీఎల్ఎల్ పెట్టి తెల్లారేదాకా తల పట్టుకున్నవాళ్ళు డీఎల్ఎల్ సెర్చ్ ఆర్డర్ అంటే ఏమిటో కాలేజీలో కంటే అక్కడే బాగా నేర్చుకున్నారు.

సోనీ ప్లేస్టేషన్ 3 కంట్రోలర్‌ది మరో కథ. తగిలించినా, ప్రత్యేకంగా ఒక కమాండు పంపితేగాని నోరు విప్పదు. ఇలాంటి వాటికోసం ఎవరో రాసిన డ్రైవర్ని దించుకుని కెర్నెల్లోకి ఎక్కించడం జనానికి అలవాటైపోయింది. సెక్యూరిటీ దృష్టితో చూస్తే ఒళ్ళు జలదరించాలి.

2013లో ఎస్‌డీఎల్ 2.0 వచ్చాక దారి కాస్త సుగమమైంది. ఏ మోడల్లో ఏ నంబరు మీట ఏ స్థానంలో ఉందో ఒక్కో లైనుగా రాసిన టెక్స్టు ఫైలు దానికి ఆధారం. జనం తమ దగ్గరున్న ప్యాడ్ వివరాలు తలా ఒక లైను చేర్చుకుంటూ వచ్చారు. ఇరవయ్యేళ్ళుగా స్టాండర్డులు ఇవ్వలేని అర్థాన్ని ఆ ఫైలు ఇచ్చింది.

ఇక ఆ పాత పదిహేను పిన్నుల సంగతి. విండోస్ విస్టాతో (జనానికి అందింది 2007 జనవరిలో) మైక్రోసాఫ్ట్ గేమ్ పోర్టు సపోర్టు తీసేసింది. ఎంతో ఖర్చు పెట్టి కొన్న, బోల్టు కూడా వదులవని ఫ్లైట్ స్టిక్కులు అటకెక్కాయి. మార్కెట్లో దొరికిన చవక కన్వర్టర్లలో చాలావాటికి సైడ్‌వైండర్ డిజిటల్ భాష రాదు. ఆ స్టిక్కుల్ని పారెయ్యడానికి మనసొప్పనివాళ్ళు ఇప్పుడు ఏటీమెగా32యూ4 చిప్పున్న చిన్న ఆర్డుయినో బోర్డుతో బాగు చేసుకుంటున్నారు. ఒక్కో అక్షం తీగకి ఒక రెసిస్టరు జోడించి బోర్డుకి కలిపితే, అది కొలిచి యూఎస్‌బీ హిడ్ పరికరంగా విండోస్‌కి చూపిస్తుంది. 1981లో ఐబీఎం పెట్టని ఆ అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్ ఆ బోర్డు చిప్పులోనే ఉంది, పది బిట్లది.