కోడి వర్ణనామాలు: పుంజు పేరు, పెట్ట వారసత్వం

తెలుగు సాహిత్యంలో కోడి ప్రధానంగా పందెపు పుంజుగానే కనిపిస్తుంది. శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం కథను మలుపు తిప్పుతుంది. క్రీడాభిరామంలో అది ఓరుగల్లు నగర వినోదం. కుక్కుటశాస్త్ర సంప్రదాయం సైతం పుంజు ఈకలను బట్టే పేర్లు నిర్ణయించింది: నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ, వీపుపైనో రెక్కలపైనో పసుపు ఈకలున్నది నెమలి. ఏ వారం ఏ రంగు గెలుస్తుందన్న జోస్యానికి ఈ నామావళి ఆధారమైంది.

పెరట్లో పది కోళ్లతో అరుదైన వర్ణాన్ని నిలుపుకొనేవారికి మాత్రం ఇది సగం మార్గమే చూపుతుంది. డేగ పుంజుకు తోబుట్టువైన పెట్ట తరచు గోధుమవన్నెలో ఉంటుంది. తెలుపు అనేక సందర్భాలలో అంతర్గత లక్షణం. కోళ్ల జుట్టు రూపాలను పరిశీలించి, మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని విలియం బేట్సన్ 1902లో చూపిన తరువాత ఈ సంగతి శాస్త్రీయంగా బోధపడింది. గుంపు చిన్నదైనప్పుడు దగ్గరి రక్తసంబంధపు జతలు పెరిగి పొదుగుదల తగ్గుతుంది. అందుకై బయటి పుంజును తెస్తే అటువంటి తెలుపు తొలి తరంలో మరుగుపడుతుంది. ఆ రంగు పెట్టలను తెల్లపుంజుతో జతకట్టిస్తే పిల్లల్లో సుమారు సగం తెల్లగా పుడతాయి. ఈకల పేరునే నమ్మి వాటిని అమ్మివేస్తే వర్ణమే అంతరిస్తుంది.

కనుక ఈ పదజాలాన్ని పందెపు పరిభాషగానే కాక పెంపక చరిత్రకు ఆధారంగానూ పరిశీలించాలి. పెరటి పెంపకందారులు పెట్టలను ఏ మాటలతో వేరుచేస్తారో సేకరించడం అందుకు తొలి మెట్టు.