కొలంబియాలో బాబాసాహెబ్ ఏ గ్రూపు తీసుకున్నారు?

"అన్నా, దోస్త్‌లో ఏ గ్రూపు పెట్టమంటావ్?" ఈ నెలంతా ఇవే ఫోన్లు. ఉద్యోగమొచ్చే గ్రూపేదో చెప్పమంటారు. ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. ఆ భయం నాకూ తెలుసు. అందుకే ఈసారి కొలంబియా సంగతి.

1913లో బాబాసాహెబ్ న్యూయార్క్ వెళ్లింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద. మూడేళ్లు, నెలకు 11.5 పౌండ్లు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని సంతకం. అంత కట్టుబాటులో ఉన్న మనిషి ఎకనామిక్స్ ఒక్కటీ చదివి వచ్చేయొచ్చు. కానీ ఆయన చేరిన కోర్సుల లెక్క చూడండి: ఎకనామిక్స్ 29, చరిత్ర 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5, ఆంత్రపాలజీ 4, రాజనీతి 3. ఇవి చాలవన్నట్టు ఫ్రెంచ్, జర్మన్ చెరొకటి!

నా కన్ను ఆ నాలుగు ఆంత్రపాలజీ కోర్సుల దగ్గరే ఆగుతుంది. 1916 మే 9న, ప్రొఫెసర్ గోల్డెన్‌వైజర్ ఆంత్రపాలజీ సెమినార్‌లో ఆయన 'భారతదేశంలో కులాలు' పత్రం చదివారు. కులం బతికేది స్వకుల వివాహం మీదేనని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కంచె కాయడానికి వచ్చినవేనని వాదించారు. అప్పటికి వయసు 25. ఎం.ఏ. ఏమో ఎకనామిక్స్‌లో, థీసిస్ ప్రాచీన భారత వాణిజ్యం మీద.

నిన్న రాత్రి ఫోన్ చేసిన చెల్లి బీకాం కంప్యూటర్స్ పెట్టిందట. మంచిదే. వేరే డిపార్ట్‌మెంట్ సబ్జెక్టు ఒక్కటైనా తీసుకునే వీలుందేమో కాలేజీలో అడగమన్నాను. అడుగుతానంది.