వినే కథకు పొంతన: కోలారు భారతం నుంచి రేడియో ధారావాహిక దాకా

రోజుల తరబడి సాగే కథకు పొంతన పెద్ద పరీక్ష. నిన్న చచ్చినవాడు ఇవాళ పలకకూడదు. మొన్నటి మేనమామ రేపటికి బాబాయి కాకూడదు. రంగస్థలం మీదైతే వేషం కొంత ఆదుకుంటుంది. చెవికి మాత్రమే అందే నాటకంలో గొంతు, పేరు, వరుస, వయసు తప్ప పాత్రకు వేరే ఆనవాలు ఉండదు. వీటిలో ఒకటి తప్పినా శ్రోత ఉలిక్కిపడతాడు. ఈ పొంతనను ఏ కాలంలో ఎవరు కాపాడారన్నదే శ్రవ్య నాటక చరిత్రలో ఆసక్తికరమైన భాగం.

తెలుగు, కన్నడం కలిసి పెరిగిన కోలారు సీమలో ద్రౌపదమ్మ కొలువు పాతది. అక్కడ అది కరగ ఉత్సవంగా కనిపిస్తుంది. సరిహద్దు దాటి చిత్తూరు పల్లెలకు వెళితే 18 రోజుల భారతంగా సాగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకే ఘట్టాన్ని పగలు హరిదాసు చెబుతాడు, రాత్రి నటులు ఆడతారు. రెండూ విన్న ఊరి పెద్దలకు తేడా ఇట్టే తెలిసిపోతుంది. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది, ఆ రక్తంతో ద్రౌపది జుట్టు ముడుస్తారు. వ్యాసభారతంలో ఈ ఘట్టం లేదు. పుస్తకం పట్టుకుని చూస్తే ఇది తప్పే. కానీ జూదం నాటి రాత్రి విరబోసుకున్న జుట్టుకు ఉత్సవం చివర ముడి పడకపోతే, అసలు పొంతన తప్పింది అక్కడే అంటాడు శ్రోత. మూలంతో పొంతన వేరు, కథ తనకు తాను ఇచ్చుకున్న మాటతో పొంతన వేరు. మన పల్లెలు రెండోదానికే ఓటు వేశాయి.

కవులకూ ఈ చిక్కు తప్పలేదు. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. 14వ శతాబ్దంలో ఎర్రన మిగిలిన భాగాన్ని పూరించి, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి తిక్కన ధోరణికి చేర్చాడని విమర్శకుల మాట. రచయితలు మారినా అతుకు కనబడకుండా కథ నడపడానికి తెలుగులో ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ 1948లో, బెంగళూరు 1955లో మొదలయ్యాయి. మన రేడియో నాటకం ఎక్కువగా ఒక్క పూటలో ముగిసేది. కాబట్టి పొంతన బెడద పెద్దగా లేదు. ఆ బెడద పూర్తిగా బయటపడింది ఏళ్ల తరబడి నడిచిన ధారావాహికల్లోనే. రైతులకు సేద్యపు కబుర్లు చెప్పడానికి బీబీసీ తలపెట్టిన ‘ది ఆర్చర్స్’ 1951 జనవరి 1న దేశమంతటికీ ప్రసారం కావడం మొదలై నేటికీ నడుస్తోంది. అందులో పెద్దాయన డాన్ ఆర్చర్ పాత్రకు ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు గొంతిచ్చారు. ఆయన కొడుకు ఫిల్ పాత్రను మాత్రం నార్మన్ పెయింటింగ్ 1950 నాటి ప్రయోగ ప్రసారాల నుంచి 2009లో మరణించేదాకా ఒక్కడే పోషించాడు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, ఎవరి పొలం ఎక్కడ అన్న వివరాలను బృందం కార్డుల మీద రాసి భద్రపరిచింది. ఊరి పెద్దల నోట ఉన్న జ్ఞాపకం ఇక్కడ కార్యాలయంలోని పెట్టెలోకి చేరింది.

అయినా అన్ని చిక్కులూ కార్డులతో తీరవు. 1978లో బీబీసీ రేడియోలో మొదలైన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ నవలల రూపంలో వేరే దారి పట్టింది. 2004లో ఆ నవలల ఆధారంగా రేడియో కథను కొనసాగించినప్పుడు, పాత రెండో భాగంలోని సంఘటనలు అడ్డొచ్చాయి. చాలావాటిని జాఫోడ్ అనే పాత్ర భ్రమగా తేల్చేశారు. తప్పును దాచకుండా కథలోనే కలిపేసుకోవడం ఒక ఉపాయం. పదే పదే వాడితే మాత్రం శ్రోతకు దేనిమీదా నమ్మకం మిగలదు.

మళ్లీ కోలారుకే వద్దాం. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ గనులకు దగ్గరలోనే, హైదరలీ పుట్టిన ఊరుగా పేరున్న బూదికోటలో 2000ల తొలినాళ్లలో ‘నమ్మ ధ్వని’ అనే ఊరి రేడియో వచ్చింది. మైరాడా, వాయిసెస్ సంస్థలు యునెస్కో తోడ్పాటుతో దాన్ని నిలబెట్టాయి. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతులు ఇవ్వని రోజులవి. అందుకే కార్యక్రమాలను కేబుల్ తీగల మీద టీవీ పెట్టెల్లోకి పంపారు. స్వచ్ఛంద సంస్థలకు ఆ అనుమతి 2006లో గానీ దొరకలేదు. చేసేవాళ్లు, వినేవాళ్లు ఒకే ఊరివాళ్లైన ఇలాంటి చోట తప్పు దిద్దేవాడు ఎక్కడో దూరాన ఉండడు.

ఇప్పుడు తెలుగులో పాడ్‌కాస్ట్ ధారావాహికలు తీస్తున్నవారికి ఈ చరిత్ర చెప్పేది రెండు మాటలు. మొదటి భాగం రికార్డు చేసే ముందే పాత్రల వరుసలు, వయసులు, ఇచ్చిన మాటలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. వివరంలో పొరపాటు జరిగితే శ్రోత నవ్వి క్షమిస్తాడు. పాత్ర చేసిన ప్రతిజ్ఞను రచయితే మరిచిపోతే మాత్రం క్షమించడు.