మంచు మేడలో చదువులు

మద్రాసు మెరీనాకి వెళ్లినవాళ్లు రోడ్డు పక్కన ఆ గుండ్రటి మేడ చూసే ఉంటారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచడానికి 1842లో కట్టారట. అందుకే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేశాడు కనుక ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. నాకు మాత్రం గుర్తొచ్చేది సిస్టర్ సుబ్బలక్ష్మిగారే.

1886లో మైలాపూరులో పుట్టారావిడ. చిన్నప్పుడే పెళ్లి, వెంటనే వైధవ్యం. అమ్మానాన్నలు మూల కూర్చోబెట్టకుండా చదివించారు. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ. పాసై, మరుసటేడు నలుగురు బాలవితంతువులతో ఎగ్మూరులో ఇల్లు తెరిచారు. పిల్లలు పెరిగేసరికి ఆ కుటుంబం ఐస్ హౌస్‌కి మారింది.

వట్టి ఆశ్రయం కాదండీ, టీచరు ట్రైనింగు! ఆడపిల్లల బళ్లకి పంతులమ్మలు దొరకని రోజులు. వంటింటి చీకట్లో ఉండాల్సినవాళ్లు జీతం తెచ్చుకున్నారు. అయితే ఆ ఇంట్లో బ్రాహ్మణ వితంతువులకే చోటు, మడీ ఆచారాలూ తప్పలేదు. ఆ మాట నాకూ గుచ్చుకుంటుంది. కానీ ఆచారం కాదంటే ఆ పిల్లల్ని గడప దాటనిచ్చేవారా?

1922 నుంచి లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాలు. తర్వాత రిటైరయ్యారు, పేరుకి. 1956లో, డెబ్బయ్యేళ్ల వయసులో, మైలాపూరులో విద్యామందిర్ బడి పెట్టడానికి నడుం కట్టారు. 1969లో కన్నుమూశారు.

మా అమ్మమ్మ చెల్లెలు పదమూడేళ్లకే తెల్లచీర కట్టింది. ఇంటి లెక్కలన్నీ నోటితోనే చెప్పేది. మద్రాసులో అలాంటి మేడ ఒకటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.