శాతాలను వందకు సరిపెట్టడం

ఒక మొత్తాన్ని భాగాలుగా విడగొట్టి పూర్ణాంక శాతాల్లో చూపినప్పుడు, ఆ అంకెలన్నీ కలిసి కచ్చితంగా 100 అయ్యేలా ప్రోగ్రాములో సర్దే పని ఇది. సర్వే ఫలితాలు, ఓట్ల వాటాలు, బడ్జెట్ పట్టికలు చూపే సాఫ్ట్‌వేర్లకు ఈ చిక్కు తప్పదు. మూడు సమాన భాగాలను విడివిడిగా రౌండ్ చేస్తే 33 చొప్పున 99 తేలుతుంది. ఆరు సమాన భాగాలైతే 17 చొప్పున 102. మోస్టెల్లర్, యూట్జ్, జాన్ 1967లో కట్టిన లెక్క ప్రకారం మూడు వర్గాలున్నప్పుడు మొత్తం సరిగ్గా వచ్చే అవకాశం సుమారు నాలుగింట మూడు వంతులు, నాలుగు వర్గాలకు మూడింట రెండు వంతులు. వర్గాలు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఎక్కువగా వాడేది గరిష్ఠ శేష పద్ధతి. ఒక హాస్టల్లో 800 మందిని ఇష్టమైన టిఫిన్ అడిగితే 365 మంది ఇడ్లీ, 230 మంది దోశ, 143 మంది పూరీ, 62 మంది ఉప్మా అన్నారనుకుందాం. వాటాలు వరుసగా 45.625, 28.75, 17.875, 7.75. మామూలుగా రౌండ్ చేస్తే 46, 29, 18, 8, మొత్తం 101. ఈ పద్ధతిలో ముందు దశాంశ భాగాన్ని వదిలేసి 45, 28, 17, 7 తీసుకుంటారు. కూడితే 97, ఇంకా 3 పంచాలి. వదిలేసిన భాగం ఎక్కువగా ఉన్న పూరీకి, తర్వాత దోశకు, ఉప్మాకు ఒక్కొక్కటి చేరుస్తారు. వంద కుదిరింది గానీ, సగానికి పైగా దశాంశమున్న ఇడ్లీ 45 దగ్గరే ఆగిపోయింది. ఆ మాత్రం నష్టం ఎవరో ఒకరు భరించాల్సిందే.

కోడ్‌లో దీనికి దశాంశాలతో పనే లేదు. 365ను 100తో హెచ్చవేసి 800తో భాగిస్తే భాగఫలం 45, శేషం 500. మిగతా వాటి శేషాలు 600, 700, 600. నాలుగూ కలిపితే 2400, అంటే 800కు మూడు రెట్లు. పంచాల్సినవి మూడని అక్కడే తెలిసిపోతుంది. ఫ్లోటింగ్ పాయింట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కాబట్టి, సమానంగా ఉండాల్సిన రెండు శేషాల్లో ఒకటి ఎక్కువగా కనబడి వరుస తారుమారు కావచ్చు. శేషాలు నిజంగానే సమానమైతే ఎక్కువ ఓట్లున్నదానికా, జాబితాలో ముందున్నదానికా అన్నది ముందే రాసిపెట్టాలి. లేదంటే అదే డేటాకు ఒకసారి ఒక అంకె, మరోసారి ఇంకో అంకె వచ్చే ప్రమాదముంది. మొత్తం సున్నా అయినప్పుడు ఏం చూపాలన్నదీ మరచిపోకూడదు.

తేడా అంతా చివరి వరుస మీదికి నెట్టే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది సోమరి పద్ధతి. 0.5 శాతం చొప్పున 200 వర్గాలుంటే, సగాన్ని పైకి తీసుకునే నియమంలో మొదటి 199 ఒక్కో శాతమవుతాయి, చివరిది మైనస్ 99 అవుతుంది! వరుసగా కూడుతూ పోయి, ఆ పాక్షిక మొత్తాలను రౌండ్ చేసి వాటి మధ్య తేడాలు తీసుకోవడం ఇంతకంటే నయం. టిఫిన్ లెక్కలో పాక్షిక మొత్తాలు 46, 74, 92, 100; వాటాలు 46, 28, 18, 8. క్రమబద్ధీకరణ అవసరం లేదు, కాకపోతే వరుస మారితే ఫలితమూ మారుతుంది.

గరిష్ఠ శేష పద్ధతి పుట్టింది జనాభాను బట్టి రాష్ట్రాలకు చట్టసభ సీట్లు పంచడంలో. అలెగ్జాండర్ హామిల్టన్ సమర్థించిన ఈ పద్ధతి బిల్లును 1792లో అధ్యక్షుడు వాషింగ్టన్ తిరస్కరించాడు. అమెరికాలో తొలి వీటో అదే. తర్వాత అమల్లోకి వచ్చినా, 1880 జనాభా లెక్కలతో దాని లోపం బయటపడింది: సభలో 299 సీట్లుంటే అలబామాకు 8, 300 ఉంటే 7 వస్తున్నాయి. శాతాల్లో మొత్తం ఎప్పుడూ వందే కాబట్టి ఈ వైపరీత్యం తగలదు. అయితే వేగంగా పెరిగిన వర్గం నెమ్మదిగా పెరిగిన దానికి ఒక శాతం కోల్పోయే వింత మాత్రం సాధ్యమే. అసలు వాటాకు ఒకటి లోపే ఉంటూ ఇలాంటి వింతలకు తావివ్వని పద్ధతి ఏదీ ఉండదని బాలిన్‌స్కీ, యంగ్ 1982 నాటి పుస్తకంలో నిరూపించారు.

అందుకే డేటాబేస్‌లో అసలు లెక్కలనే ఉంచి, తెరమీద చూపేటప్పుడే సర్దడం మేలు. పరిశోధన పట్టికల్లో అదీ చేయకుండా, రౌండింగ్ వల్ల మొత్తం 100 కాకపోవచ్చని కింద ఒక గమనిక పెడతారు.