ఆటుపోట్లలో నావకట్టు: యానాం, కోరంగి రేవులు

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట యానాం ఉన్నది. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పి, 1727లో విడిచి, 1731లో మరల వచ్చిరి. ఈ పట్టణచరిత్రను వ్రాయువారు అధికారుల పేర్లను విరివిగా పేర్కొందురు. కాని సముద్రపు పోటు ఎగదన్ను ఈ నీటిలో సరకునావను ఒడ్డున నిలుపుట యెట్లో తెలియనిదే రేవు బ్రతుకు బోధపడదు.

ఈ తీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు. నేటి పోటుకంటె రేపటిది సుమారు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. అమావాస్య, పున్నమల దాపున నీటి హెచ్చుతగ్గులు అధికము. కావున సరంగునకు పంచాంగము కూడ ఒక పనిముట్టే.

నిండుపోటున మోకును బిగించి గుంజకు కట్టినచో, ఆటువేళకు నావ ఆ మోకుపై వ్రేలాడును. మోకు తెగుటయో, నావ ఒరిగి సరకు నీటిపాలగుటయో జరుగును. మిక్కిలి వదలినచో పొరుగు నావను గ్రుద్దును. ఉపాయమంతయు మోకు పొడవులో నున్నది. నిండుపోటున నీటిమట్టమునకు సమముగ సాగిన మోకును తలచుకొని, నీరు 4 అడుగులు దిగినదనుకొందము. 8 అడుగుల మోకునకు సుమారు 11 అంగుళముల వదులు కావలెను; 30 అడుగుల మోకునకు 3 అంగుళములకు కొంచెము పైగా చాలును. గంజాం తీరమందలి మా తెలుగు పాఠశాలలో పిల్లలు దీనిని కర్ణము సూత్రముతో లెక్కకట్టి ఆశ్చర్యపడిరి. పైగా పోటున ప్రవాహము ఎగువకు, ఆటున దిగువకు మరలును గనుక నావ ముందునుండి ఒకటి, వెనుకనుండి ఒకటి, ఏటవాలుగ దూరపు గుంజలకు మోకులు పోవలెను.

ఓడల మరమ్మతునకు పేరొందిన కోరంగి యానాంనకు సమీపముననే కలదు. 1839 నవంబరు 25 నాటి తుపానులో ఉప్పెన ఆ రేవును ధ్వంసము చేసెను. అట్టి నీటిముందు ఏ గుంజ నిలుచును? తరువాత ఒండ్రు మేటవేసి లోతు తగ్గగా వర్తకము కాకినాడకు మరలెను. రేవు పోయినను పేరు సముద్రము దాటినది. బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అనిరి. రంగూను నదిలో పెద్దపోటునాడు నీరు 15 అడుగులకు మించి లేచి దిగును. గోదావరి కొలతతో అచ్చట మోకు వదలిన నావ దక్కదు. అట్టి తావులలో తేలియాడు వేదికకు నావను కట్టుట మేలు. రెండును కలిసియే లేచి దిగును.

మా విద్యార్థులకు 'ఆటుపోట్లు' అనగా కష్టసుఖములు మాత్రమే. అందు ఏది ఆటు, ఏది పోటు అని అడిగిన తడుముకొందురు. మోకు, గుంజ, సరంగు, కళాసీ మొదలగు మాటలను ముసలి పడవవారినుండి విని, వారు చెప్పిన అర్థముతో వ్రాసి తెచ్చుట ఈ వేసవికి వారికిచ్చిన పని.