పారునీటి ఛాయాచిత్రము

నంద్యాల సీమలో పాములపాటికి చేరువనున్న బనకచర్లకడ నీటికి మూడు త్రోవలు గలవు. శ్రీశైల జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు తూములు దాటి, సుమారు 16 కిలోమీటర్లు కాలువలో ప్రవహించి యిచ్చటికి వచ్చును. ఇచ్చటనుండి యొకపాయ తెలుగుగంగకును, ఒకపాయ శ్రీశైలము కుడిగట్టు కాలువకును, మూడవది నిప్పులవాగు మీదుగా కర్నూలు–కడప కాలువకును పోవును. తలుపులెత్తిన దినమున ఆ నురుగును జూచి, ఆ ఘోషను వినినవారికి దానిని నలుపు తెలుపుల చిత్రమున నిలుపవలెనని తోచక మానదు. నాకును తోచినది. ఆ ప్రయత్నమున నేను నేర్చిన పాఠమును చెప్పుటకు ముందు, ఈ విద్య నడచివచ్చిన త్రోవను కొంచెము పరిశీలింతము.

తొలినాళ్లలో పారునీరు ఛాయాచిత్రమునకు లొంగలేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ప్రకటించిన తడిపలక పద్ధతిలో, గాజుపలకకు కొలోడియను పూసి, వెండి లవణపు ద్రావకమున ముంచి, అది యారకమునుపే వెలుగు చూపి, వెంటనే కడుగవలసియుండెను. కటకమును పలు క్షణములు తెరచియుంచుటచే ఱాయి ఱాయిగానే నిలిచెను. దానిమీదనుండి దూకు నీరు మాత్రము పాలమీగడవలె తెల్లని పొరయై పోయెను. నాటి జలపాతము లట్లుండెనని మనము భ్రమపడరాదు. ఆ నునుపు నీటిది కాదు, పలక మందగతిది. మఱియు నా పలక నీలివెలుగును మిక్కిలిగా గ్రహించును. ఎఱుపు దానికి కానరానట్లే. కావున ఆకాశము తెల్లబారెడిది. మన కృష్ణ వఱదవంటి యెఱ్ఱనీరు నల్లబడెడిది.

ఫ్రాన్సుదేశీయుడగు గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరములలో సముద్రపు టలలను చిత్రించి ఖ్యాతిగాంచెను. అలలకు చాలిన వెలుగు మబ్బులకు మిక్కుటమగుటచే, ఆయన కొన్ని చిత్రములలో నీటిని ఒక పలకనుండియు, ఆకాశమును వేఱొక పలకనుండియు తీసి, ఒకే కాగితముపై నచ్చొత్తెను. ఆ అతుకు నీరును నింగియు కలియు రేఖకడ దాగియుండును. 1871లో రిచర్డ్ మాడాక్సు జెలటిను పొడిపలకను ప్రతిపాదించెను. దానిని తరువాతివారు మెఱుగుపఱచిన పిమ్మట, క్షణములో స్వల్పభాగమే చాలెను. ఎగసిన బిందువు గాలిలో నిలిచిపోయెను. మన కన్ను పాలపొరను చూడదు, గాజుపూసలను చూడదు. రెండింటిలో నేది కావలెనో నిర్ణయించువాడు చిత్రకారుడే.

ఆ పిమ్మట కూర్పు. నీటి వడి తెలియవలెనన్న చిత్రములో కదలనిదొకటి యుండవలెను. తూము స్తంభమో, బండయో చాలును. నీరు పోవు దిక్కున కొంత చోటు విడువవలెను. లేనిచో ప్రవాహము చట్రమునకు కొట్టుకొన్నట్లుండును. నురుగంతయు వట్టి కాగితపు తెలుపు కారాదు. అందులో బూడిదవన్నెలు మిగులవలెను. చూపును చెదరగొట్టు అంచును కత్తిరింపవచ్చును. ఇవి యెవ్వరును కాదనని నియమములు.

ఈ నియమములను పాటించియే నేను తప్పు చేసితిని. బనకచర్లకడ తీసిన నా చిత్రములో, ఎడమమూల దిగువగట్టున ఒక స్త్రీ బిందె ముంచుచుండెను. ఆమె వెలిచీర నురుగు తెలుపుతో పోటీపడి చూపును లాగుచున్నదని యెంచి, ఆ మూలను కత్తిరించితిని. చిత్రము బిగువు దేఱినది. పాఠశాల గోడకు తగిలింపగా అందఱును మెచ్చిరి. మఱునాడొక బాలిక దానియెదుట చాలసేపు నిలిచి, "అయ్యవారూ, ఆ పొద్దు మాయమ్మ ఈడనే బిందె ముంచుకుంటా ఉండె. పటంలో లేదే?" అని యడిగెను. నాయొద్ద బదులు లేకపోయెను. కూర్పు బాగుకొఱకని యా పసిదానితో నెట్లు చెప్పుదును?

నాటినుండి యీ నీటి కథ నాకు వేఱుగా తోచుచున్నది. ఈ జలాశయము నిండుటకై 1981లో నూటికి పైబడిన గ్రామములవారు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. సంగమేశ్వరాలయము నేటికిని నీట మునుగుచు, నీరు తగ్గినప్పుడు బయటపడుచున్నది. నిండిన నీటిని మాత్రమే చూపి, దానికై కదలినవారిని, దానిని మోసి బ్రతుకువారిని అంచు వెలుపల నుంచినచో, ఆ చిత్రము అందమైనదే కావచ్చును; చరిత్ర మాత్రము కాజాలదు. లె గ్రే రెండు పలకల నతికినది కంటికి కనబడిన మబ్బులను దక్కించుటకు. నేను కత్తిరించినది కంటికి కనబడిన మనిషిని తొలగించుటకు. ఈ భేదము చిన్నది కాదు.

కత్తెర వలదని నా మాట కాదు. ఆకు, కొమ్మ, వెలవెలబోవు ఆకాశము తొలగించుడు. మనిషి నిలిచిన మూలకు వచ్చినప్పుడు మాత్రము ఒకమాఱు ఆగి యోచింపుడు. కత్తిరించినను మూలచిత్రమును పారవేయక దాచి, వెనుక స్థలమును, తేదీని వ్రాసియుంచుడు. మన బిడ్డలు అడుగు ప్రశ్నలకు అదియే బదులు చెప్పును. మా పాఠశాల గోడపై నిప్పుడు కత్తిరింపని చిత్రమున్నది. బిగువు తగ్గినదని యొక మిత్రుడనెను. నిజమే. ఆ బాలిక మాత్రము తన తోడివారిని పిలుచుకొనివచ్చి, ఆ యెడమమూలను వ్రేలితో చూపుచున్నది.